డన్‌లప్ బండి వెనుక ఓ పశువుల డాక్టర్ కథ: గాలి టైరు తెచ్చాడు.. పేటెంట్ పోయింది.. పేరు మాత్రం నిలిచింది!

వానాకాలంలో మంజీర పొంగి నిజాంసాగర్ గేట్లు ఎత్తారంటే చాలు.. కట్ట మీద సందడే సందడి. హైదరాబాద్ నుంచి కూడా కార్లు బాన్సువాడ వైపు బయల్దేరతాయి. వాటిలో ఒకటి నేలకు ఆనుకున్నట్టుండే స్పోర్ట్స్ కారు అనుకోండి. దారిలో గుంత తగిలింది. డ్యాష్‌బోర్డ్‌పై టైరు గుర్తు ఎర్రగా వెలిగింది. డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు!

కంగారు పడాల్సిన పనిలేదు. ఆ కారుకు ఉన్నవి రన్-ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా కారు ఆగదు. సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకుండా 80 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చని కంపెనీలు చెబుతాయి. అయితే ఇక్కడే ఓ చిక్కుంది. నిజాంసాగర్ నుంచి హైదరాబాద్ 144 కిలోమీటర్లు. అంటే టైరు గడువు అయిపోయాక ఇంకా 64 కిలోమీటర్ల దారి మిగిలే ఉంటుంది!

గాలి పోతే ఏం చేయాలి? టైరును ఎలా ఊడదీయాలి? ఎలా మార్చాలి? ఈ తలనొప్పి ఈనాటిది కాదు. గాలి టైరు పుట్టినప్పుడే ఇదీ పుట్టింది. ఆ టైరును జనంలోకి తెచ్చింది ఇంజినీరు కాదు, మెకానిక్ కూడా కాదు. ఓ పశువుల డాక్టర్. పేరు జాన్ బాయ్డ్ డన్‌లప్. మన పల్లెల్లో డన్‌లప్ బండి అనే మాట వినని పెద్దవాళ్లు తక్కువే. కానీ ఆ పేరు గల మనిషి జీవితం మాత్రం చాలామందికి తెలియదు.

నెలలు నిండకుండానే పుట్టాడట!

1840 ఫిబ్రవరి 5న స్కాట్లాండ్‌లోని డ్రెగ్‌హార్న్ అనే పల్లెలో డన్‌లప్ పుట్టారు. రైతు కుటుంబం. తాను రెండు నెలల ముందే పుట్టానని, అందుకే ఒంట్లో బలం తక్కువని ఆయన గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకంతోనే జీవితాంతం ఒళ్లు దగ్గర పెట్టుకుని బతికారు. తమాషా ఏంటంటే, 81 ఏళ్లు వచ్చేదాకా ఆయనకు పెద్ద జబ్బంటూ ఏదీ రాలేదు.

ఎడిన్‌బరాలో పశువైద్యం చదివారు. కొన్నేళ్లు అక్కడే ప్రాక్టీస్ చేశాక 1867లో ఐర్లాండ్‌కు వెళ్లారు. అక్కడ సోదరుడు జేమ్స్‌తో కలిసి ఆస్పత్రి నడిపారు. 1871లో మార్గరెట్ స్టీవెన్‌సన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఒక కూతురు, ఒక కొడుకు. తర్వాత బెల్‌ఫాస్ట్ నగరంలోని మే స్ట్రీట్‌కు మకాం మార్చారు. 1880ల మధ్యకు వచ్చేసరికి ఐర్లాండ్‌లోనే పెద్ద పశువైద్య ప్రాక్టీసుల్లో ఆయనది ఒకటి.

ఆ రోజుల్లో పశువుల డాక్టర్ అంటే ప్రధానంగా గుర్రాల డాక్టరే. నగరంలో సరుకులైనా మనుషులైనా కదలాలంటే గుర్రం కావాలి. రాళ్లు పరిచిన వీధులు, ఇనుప పట్టాలు వేసిన బండి చక్రాలు. ఆ కుదుపులకు బండి లాగే జంతువు ఎంత అలిసిపోతుందో డన్‌లప్ రోజూ చూసేవారు. ఎక్కువ కుదుపు ఉంటే లాగేవారికి ఎక్కువ శ్రమ. ఈ లెక్క ఆయనకు పుస్తకంలో కాదు, పనిలో అర్థమైంది.

కొడుకు ట్రైసైకిల్‌తో మొదలైంది

1887లో డన్‌లప్ కొడుకు జానీకి తొమ్మిది పదేళ్లు. మూడు చక్రాల సైకిల్ తొక్కుతుండేవాడు. దానికి ఉన్నవి గట్టి రబ్బరు టైర్లు. లోపల గాలి ఉండదు, మెత్తదనం ఉండదు. బెల్‌ఫాస్ట్ వీధుల రాళ్ల మీద సైకిల్ వెళ్తుంటే పిల్లాడి ఒళ్లు హూనమే. ఇంకాస్త వేగంగా, ఇంకాస్త సుఖంగా వెళ్లేలా ఏదైనా చేయాలని తండ్రికి అనిపించింది.

రబ్బరుతో పని చేసిన అనుభవం డన్‌లప్‌కు ముందే ఉంది. దాదాపు 96 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న గుండ్రటి చెక్క తీసుకున్నారు. పల్చటి రబ్బరు షీటుతో గొట్టం చేసి, గుడ్డ చుట్టి ఆ చెక్క అంచుకు బిగించారు. లోపలికి గాలి కొట్టారు. అంతే, పరికరం రెడీ.

ఇక పరీక్ష. ట్రైసైకిల్ చక్రం ఒకటి ఊడదీసి పెరట్లో దొర్లించారు. అది కొంత దూరం వెళ్లి పడిపోయింది. తర్వాత గాలి గొట్టం బిగించిన చెక్క చక్రాన్ని దొర్లించారు. అది పెరడంతా దాటి, గేటు స్తంభానికి కొట్టుకుని వెనక్కి ఎగిరింది! పెరట్లో జరిగిన ఆ చిన్న పరీక్షే ప్రపంచ రవాణాను మార్చేసింది. వెంటనే ట్రైసైకిల్ వెనక చక్రాలు రెండింటికీ గాలి టైర్లు వేశారు. జానీ ప్రయాణం ఒక్కసారిగా మెత్తబడింది.

తర్వాత పెద్ద సైకిళ్లపై ప్రయోగాలు చేశారు. ఫలితం అలాగే వచ్చింది. పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు. 1888 డిసెంబర్ 7న బ్రిటన్‌లో పేటెంట్ చేతికొచ్చింది.

నవ్విన నోళ్లు మూతపడ్డాయి

లావుగా ఉబ్బిన ఆ టైర్లను చూసి జనం మొదట నవ్వుకున్నారు. నవ్వులు ఆగింది 1889 మే 18న. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కాలేజీ మైదానంలో సైకిల్ పందేలు. స్థానిక సైక్లింగ్ క్లబ్ కెప్టెన్ విల్లీ హ్యూమ్ గాలి టైర్ల సైకిల్‌తో దిగారు. ఆయన మేటి రేసరేమీ కాదు. అయినా నాలుగు పందేల్లో నాలుగూ ఆయనే గెలిచారు. కొద్దిరోజులకు లివర్‌పూల్‌లో జరిగిన పోటీల్లోనూ ఒక్కటి తప్ప అన్నీ గెలిచేశారు.

ఓడినవాళ్లలో హార్వే డ్యూ క్రో కొడుకులు ఉన్నారు. డ్యూ క్రో ఐరిష్ సైక్లిస్టుల సంఘం అధ్యక్షుడు, వ్యాపారి కూడా. కొడుకుల ఓటమిలో ఆయనకు లాభాల బాట కనిపించింది. నేరుగా డన్‌లప్‌ను కలిశారు. 1889 చివర్లో డబ్లిన్‌లో గాలి టైర్ల కంపెనీ మొదలైంది. డన్‌లప్ తన హక్కులను ఆ కంపెనీకి ఇచ్చేశారు. బదులుగా వచ్చింది కొద్దిపాటి నగదు, కొన్ని షేర్లు.

అసలు దెబ్బ ఇక్కడే!

అంతా బాగుందనుకున్న టైమ్‌లో పిడుగులాంటి వార్త. పేటెంట్ వచ్చి రెండేళ్లయినా కాకుండానే, అది చెల్లదని తేలింది. కారణం.. అదే ఆలోచనకు అంతకు 43 ఏళ్ల ముందే మరో వ్యక్తి పేటెంట్ తీసుకున్నారు!

ఆయన రాబర్ట్ విలియం థామ్సన్. ఆయనదీ స్కాట్లాండే. 1845లో, 23 ఏళ్ల వయసులో గాలి నింపిన చక్రానికి పేటెంట్ తీసుకున్నారు. అప్పటికి డన్‌లప్ ఐదేళ్ల పిల్లాడు. థామ్సన్ తన చక్రాలను 1847లో లండన్‌లోని రీజెంట్స్ పార్క్‌లో గుర్రపు బండికి వేసి చూపించారు కూడా. బండి చప్పుడు లేకుండా, మెత్తగా సాగింది. కానీ అప్పటికి సైకిల్ యుగం రాలేదు, కారు అసలే లేదు. పల్చటి రబ్బరు దొరకడం కష్టం, ధరా ఎక్కువే. దాంతో ఆ ఆవిష్కరణను లోకం మర్చిపోయింది. థామ్సన్ 1873లో చనిపోయారు.

అంటే డన్‌లప్ ఎవరి ఆలోచననూ కాపీ కొట్టలేదు. తనంతట తానే చేశారు. కాకపోతే రెండోవారయ్యారు. చట్టం ముందు రెండో స్థానానికి విలువ లేదు. అయితే సరైన టైమ్‌లో చేసింది మాత్రం ఆయనే. సైకిల్ మోజు ఊపందుకుంటున్న రోజుల్లో టైరు వచ్చింది. వెనకే కార్లు వచ్చాయి.

టైరు బాగుంది.. ఊడదీసేదెలా?

పేటెంట్ గొడవ ఒకటైతే, టైరులోనే మరో ఇబ్బంది ఉంది. డన్‌లప్ తొలి టైరు చక్రానికి అతికించి ఉండేది. పంక్చర్ పడితే ఆ అతుకు ఊడబీకాలి, గొట్టానికి ప్యాచ్ వేయాలి, మళ్లీ అతికించాలి. గంటల తరబడి పని. గుర్రాల కష్టం తెలిసిన డాక్టర్‌కు పంక్చర్ షాపు కష్టం తట్టలేదు!

దీనికి పరిష్కారం వేరేవాళ్ల నుంచి వచ్చింది. 1890లో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ అనే ఇంజినీర్ టైరు అంచుల్లో తీగ పెట్టి, రిమ్‌లో కూర్చునేలా డిజైన్ చేశారు. అదే ఏడాది విలియం బార్ట్‌లెట్ మరో పద్ధతి తెచ్చారు. డన్‌లప్ కంపెనీ ఆ రెండు పేటెంట్ల హక్కులనూ కొనేసింది. అసలు పేటెంట్ పోయినా కంపెనీ నిలబడింది ఈ రెండింటి బలంతోనే. ఈరోజు మన కారు టైరు అంచులో ఉండే తీగ కట్టకు మూలం వెల్చ్ ఆలోచనే.

ఫ్రాన్స్‌లోనూ ఇదే కథ. క్లెర్మాన్-ఫెరాన్‌లోని మిషెలిన్ సోదరుల ఫ్యాక్టరీకి 1889లో ఓ సైక్లిస్టు పంక్చరైన గాలి టైరుతో వచ్చారు. బాగు చేయడానికి గంటలు పట్టింది. జిగురు ఆరడానికి ఒక రాత్రి పట్టింది. ఇంత కష్టమైతే జనం వాడరని ఎడ్వార్డ్ మిషెలిన్‌కు అర్థమైంది. 1891లో సులభంగా ఊడదీసే టైరు తెచ్చారు. ఆ ఏడాదే ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ సైకిల్ పందెంలో ఆ టైర్లతో చార్లెస్ టెరాంట్ గెలిచారు. 1895లో మిషెలిన్ సోదరులు గాలి టైర్లు వేసిన కారుతో ప్యారిస్-బోర్డో-ప్యారిస్ రేసులో దిగారు. పదేపదే పంక్చర్లు పడ్డాయి. అయినా కారు గాలి టైర్ల మీద నడుస్తుందని లోకానికి తెలిసింది.

మరి పంక్చర్ పడితే? 1904లో వేల్స్‌లోని లానెల్లీ పట్టణంలో డేవిస్ సోదరులు అదనపు చక్రం తయారు చేశారు. వాళ్ల షాపు ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. మనం ఇప్పటికీ స్టెప్నీ అంటున్నది ఆ వీధి పేరునే!

లక్షలు వాళ్లవి.. పేరు ఈయనది

1895లో డన్‌లప్ కంపెనీ బోర్డు నుంచి తప్పుకున్నారు. మరుసటి ఏడాదే, అంటే 1896లో డ్యూ క్రో ఆ కంపెనీని 30 లక్షల పౌండ్లకు అమ్మేశారు. కొన్నది ఎర్నెస్ట్ టెరా హూలీ అనే ఫైనాన్షియర్. ఆయన దాన్నే కొద్ది నెలల్లో 50 లక్షల పౌండ్ల విలువతో మార్కెట్‌లో పెట్టారు. అంత పెద్ద డీల్‌లో టైరు తయారు చేసిన మనిషికి చోటు లేదు. కానీ కొత్త కంపెనీ బోర్డు మీద మాత్రం ఆయన పేరే ఉంది!

డన్‌లప్ పశువైద్యం మానేసి డబ్లిన్‌లో స్థిరపడ్డారు. అక్కడ ఓ బట్టల వ్యాపార సంస్థ వ్యవహారాలు చూసుకున్నారు. గాలి టైరుతో ఆయన పెద్ద కోటీశ్వరుడేమీ కాలేదు. అలాగని ఇబ్బందులూ పడలేదు, మామూలుగానే బతికారు. 1921 అక్టోబర్‌లో జలుబు చేసింది. అదే నెల 23న డబ్లిన్‌లోని ఇంట్లో కన్నుమూశారు. జీవితమంతా భయపడిన అనారోగ్యం వచ్చింది అదొక్కసారే. ఆయన రాసుకున్న టైరు చరిత్రను కూతురు తర్వాత పుస్తకంగా తెచ్చారు. ఉత్తర ఐర్లాండ్‌లో ఓ బ్యాంకు తన 10 పౌండ్ల నోటుపై ఆయన బొమ్మ వేసింది.

నిజాంసాగర్ కట్ట మీదికి మోటార్లు

డన్‌లప్ పోయిన రెండేళ్లకు, 1923లో మంజీరపై నిజాంసాగర్ పనులు మొదలయ్యాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాం, ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యం. 1931లో ప్రాజెక్టు పూర్తయింది. దాదాపు 3 కిలోమీటర్ల కట్ట మీద 14 అడుగుల వెడల్పుతో దారి వేశారు. మోటారు వాహనాలు వెళ్లగలిగే దారి అది.

మరుసటి ఏడాది, 1932 జూన్ 15న నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. నేటి ఆర్టీసీకి అదే పునాది. ఇక 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ వచ్చింది. దేశంలోనే టైర్లు తయారవడంతో ఆ పేరు పల్లె పల్లెకూ చేరింది.

మన రైతుకు కారు లేదు. బండి ఉంది, ఎడ్లున్నాయి. ఇనుప పట్టా వేసిన చెక్క చక్రాల బండి బురదలో దిగబడేది, గతుకుల్లో ఎగిరెగిరి పడేది. ఆ చక్రాలు తీసేసి గాలి టైర్లు వేస్తే బరువు ఎక్కువ వేసినా ఎడ్లు తేలిగ్గా లాగేవి. ఆ బండినే కొన్నిచోట్ల టైరు బండి అన్నారు, చాలాచోట్ల డన్‌లప్ బండి అన్నారు.

రన్-ఫ్లాట్: పాత ప్రశ్నకు కొత్త జవాబు

ఇప్పుడు మళ్లీ ఆ స్పోర్ట్స్ కారు దగ్గరికి వద్దాం. గాలి పోతే ఆగిపోవాల్సిందేనా? ఈ ప్రశ్నకు 1970ల్లో జవాబు వెతికిన వాటిలో డన్‌లప్ కంపెనీ కూడా ఉంది. డెనోవో పేరుతో ఓ టైరు తెచ్చింది. గాలి పోయాక లోపలి ద్రవం రాపిడిని తగ్గించేది. దానికి ప్రత్యేకమైన రిమ్ కావాలి, ఖర్చూ ఎక్కువే. అందుకే పెద్దగా నిలవలేదు. 1980ల్లో వచ్చిన పోర్షే 959 స్పోర్ట్స్ కారులో డన్‌లప్ అభివృద్ధి చేసిన డెన్‌లాక్ పద్ధతి కనిపించింది. గాలి పోయినా టైరు అంచు రిమ్ నుంచి జారకుండా పట్టి ఉంచడమే దాని పని. టైరులో గాలి తగ్గితే చెప్పే సెన్సర్లూ ఆ కారులో ఉన్నాయి. 1997 షెవర్లే కార్వెట్ వచ్చేసరికి స్టెప్నీని పూర్తిగా తీసేసి రన్-ఫ్లాట్లే ఇచ్చారు.

ఇప్పటి రన్-ఫ్లాట్లలో ఎక్కువ వాటికి పక్క గోడలే బలం. అవి మందంగా, గట్టిగా ఉంటాయి. గాలి పోయినా కారు బరువును అవే మోస్తాయి. ఆ బలమే మార్చేటప్పుడు ఇబ్బంది. చేతి లివర్లతో ఊడే టైరు కాదిది. సహాయక చేయి ఉన్న టైర్ ఛేంజర్ మెషిన్ కావాలి. తొందరపడి పీకితే టైరు అంచు చిరుగుతుంది, వాల్వ్ దగ్గరి సెన్సర్ విరుగుతుంది.

మార్చేముందు గుర్తుంచుకోవాల్సినవి ఇవే. గాలి లేకుండా నడిచిన టైరు బయటికి బాగానే కనిపించొచ్చు, కానీ వేడికి లోపలి గోడ దెబ్బతిని ఉంటుంది. ఊడదీసి లోపల చూడకుండా ప్యాచ్ వేయించడం ప్రమాదం. అలా నడిచిన టైరును రిపేర్ చేయొద్దని చాలా కంపెనీలు చెబుతాయి. కారు మాన్యువల్ చూసుకోవాలి. సైజుతో పాటు బరువు, వేగం కోడ్‌లు కూడా కలవాలి. ఒక పక్క రన్-ఫ్లాట్, మరో పక్క మామూలు టైరు వేయడం అస్సలు కుదరదు.

కొందరు నాలుగూ మామూలు టైర్లకు మార్చేస్తారు. ప్రయాణం మెత్తబడుతుంది, ఖర్చూ తగ్గొచ్చు. కానీ స్టెప్నీ పెట్టుకోవడానికి చోటుండదు. అందుకే పంక్చర్ పూడ్చే సీలెంట్, గాలి కొట్టే చిన్న కంప్రెసర్ కారులో ఉండాల్సిందే. పక్క గోడ చిరిగితే ఆ సీలెంట్ కూడా పనిచేయదు. నిజాంసాగర్ లాంటి దూరం వెళ్లేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. గడువులోపు దగ్గరి పట్టణానికి చేరాలి తప్ప హైదరాబాద్ దాకా లాగించాలని చూడకూడదు.

గట్టి పక్క గోడల వల్ల రన్-ఫ్లాట్‌లో కుదుపు కాస్త ఎక్కువే. విచిత్రం ఏంటంటే, డన్‌లప్ మొదలుపెట్టింది ఆ కుదుపును పోగొట్టడానికే!

డన్‌లప్ జీవితంలో పేటెంట్ నిలవలేదు, కంపెనీ చేతిలో లేదు, లక్షల పౌండ్లు వేరేవాళ్లు పంచుకున్నారు. ఆయన పేరు పెట్టుకున్న కంపెనీ కూడా తర్వాత ముక్కలై ఎన్నో చేతులు మారింది. కానీ ఆయన రోజూ చూసిన కష్టం, బండి లాగే జంతువు కష్టం.. అది మాత్రం తగ్గింది. ఆయన ఎన్నడూ చూడని పల్లెల్లో, ఆయనకు తెలియని భాషలో రైతులు తమ ఎడ్లబండికి ఆయన పేరే పెట్టుకున్నారు. ఓ పశువుల డాక్టర్‌కు ఇంతకంటే సరిపోయే గుర్తింపు ఇంకేముంటుంది!